ఇంటి నుంచి పనిచేసే టీమ్‌లో ఉత్సాహం, పని రెండూ తగ్గకుండా చూసుకోవడం ఎలా: టీమ్ లీడ్‌ల కోసం సమగ్ర మార్గదర్శి

"మా టీమ్‌లో సగం మంది ఊళ్లలో ఉన్నారు. పని జరుగుతోందో లేదో తెలియట్లేదు. గట్టిగా అడిగితే నమ్మకం లేదా అనుకుంటారు, అడక్కపోతే క్లయింట్ నన్ను అడుగుతాడు. ఏం చెయ్యమంటారు?" కొత్తగా లీడ్ అయినవాళ్లు దాదాపు ప్రతి నెలా నన్ను ఈ మాట అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లో ఉంటాను. టీమ్‌లో తొమ్మిది మందిమి. నాతోపాటు ఇంకొకరు ఇక్కడ, మిగతావాళ్లు అనంతపురం, ఖమ్మం, రాజమండ్రి, శ్రీకాకుళం వైపు. క్లయింట్ డల్లాస్‌లో. అయిదు నుంచి పదిహేను మంది ఉన్న టీమ్‌కి ఈ పద్ధతులు సరిపోతాయి.

ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఇది. దూరంగా కూర్చుని పనిచేసే మనిషికి మనసు విరిగిందంటే, మూడు ప్రశ్నల్లో ఏదో ఒకదానికి అతనికి జవాబు దొరకలేదని అర్థం. ఈ పని ఎక్కడితో పూర్తయినట్టు? నేను చేసింది ఎవరైనా చూశారా? ఈ రోజుకి నా పని ఎప్పుడు అయిపోతుంది? ఆఫీసులో అయితే పక్క సీటు చూసి, లీడ్ మొహం చూసి, సాయంత్రం క్యాబ్ చూసి ఈ జవాబులు వాటంతటవే తెలిసిపోతాయి. ఇంట్లో మనం చెప్తేనే తెలుస్తాయి.

కింది మెట్లు వరసలోనే వెళ్లండి. చాలామంది మొదటి రెండూ వదిలేసి నేరుగా మెచ్చుకోవడం, గేమ్స్, ఆన్‌లైన్ పార్టీల దగ్గర మొదలుపెడతారు. కరెంటు లేని ఇంట్లో కూర్చున్న మనిషికి ఆన్‌లైన్ తంబోలా ఏం ఉత్సాహం ఇస్తుంది?

## 1. ముందు ఎవరి ఇల్లు ఎలా ఉందో తెలుసుకోండి

మా టీమ్‌లో ఒక కుర్రాడు ఏప్రిల్ నెలంతా మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కనిపించేవాడు కాదు. చాట్‌లో "ఎందుకు ఆఫ్‌లైన్?" అని మూడుసార్లు రాశాను. మూడుసార్లూ "సారీ సర్, నెట్ ఇష్యూ" అన్నాడు. నాలుగోసారి ఫోన్ చేశాను. ఆ వేళకి వాళ్ల ఊళ్లో కరెంటు పోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, కానీ రౌటర్ ఉన్న ముందు గదికి ఇన్వర్టర్ లైన్ లేదు. ఇంట్లో సెల్ సిగ్నల్ అందక, మేడ మీద నీళ్ల ట్యాంకు నీడలో చాప వేసుకుని, ల్యాప్‌టాప్ మీద తువ్వాలు కప్పుకుని స్క్రీన్ చూస్తున్నాడు. నేను మాత్రం అతను నిద్రపోతున్నాడేమో అనుకుంటున్నాను.

ఆ సమస్య ఒక మినీ యూపీఎస్‌తో తీరిపోయింది. రౌటర్ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు రాసి ఉంటాయి. ఎక్కువ రౌటర్లకి 12 వోల్టులు. దానికి సరిపోయే చిన్న బ్యాటరీ యూపీఎస్ పెడితే కరెంటు పోయినా రౌటర్ నడుస్తుంది. ఒక జాగ్రత్త: కొన్ని ఊళ్లలో వీధిలో ఉండే ఆపరేటర్ పెట్టెకి కూడా కరెంటు పోతుంది. అప్పుడు మీ రౌటర్ లైట్లు వెలుగుతూనే ఉంటాయి, నెట్ మాత్రం రాదు. యూపీఎస్ కొనే ముందు, కరెంటు పోయినప్పుడు రౌటర్‌ని ఇన్వర్టర్ ఉన్న గదిలో ప్లగ్‌కి పెట్టి ఒకసారి చూడమనండి.

ప్రతి ఒక్కరికీ విడిగా ఫోన్ చేసి ఈ సంగతులు తెలుసుకోండి:

- కరెంటు ఏ వేళల్లో పోతుంది? రౌటర్ ఇన్వర్టర్ లైన్ మీదే ఉందా?
- నెట్ ఆగితే రెండో దారి ఏమిటి? ఫోన్ హాట్‌స్పాట్ అయితే ఆ సిమ్ వేరే కంపెనీదేనా? ఇంటి నెట్, సిమ్ రెండూ ఒకే కంపెనీవైతే ఒక్కోసారి రెండూ కలిసే పోతాయి.
- కూర్చునేది ఎక్కడ? కుర్చీ, బల్ల ఉన్నాయా, మంచం మీద దిండు పెట్టుకునా?
- ఇంట్లో చిన్నపిల్లలు, మంచాన ఉన్న పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా?
- రోజులో ఏ రెండు మూడు గంటలు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది?
- ఇంట్లోవాళ్లు దీన్ని ఉద్యోగంగా చూస్తున్నారా?

ఇవి ఆన్‌లైన్ ఫామ్‌లో అడక్కండి. ఫామ్‌లో అందరూ "అన్నీ బాగున్నాయి" అనే నింపుతారు. పైగా ఇది రేటింగ్‌కి వాడతారేమో అన్న అనుమానం వస్తుంది. "నీకు ఏం కొనిపించాలో తెలుసుకోవడానికి అడుగుతున్నాను" అని మొదటే చెప్పండి. ఆ తర్వాత నిజంగా కొనిపించండి. కుర్చీకో యూపీఎస్‌కో అడ్మిన్ దగ్గర అనుమతి తెప్పించడం లీడ్‌గా మీ మొదటి పని.

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ అసలు కష్టం అక్కడే. "ఇంట్లోనే ఉన్నావుగా, బ్యాంకుకి వెళ్లిరా." "ఇంట్లోనే ఉన్నావుగా, చుట్టాలొచ్చారు, కాస్త కూర్చో." ఈ మాట రోజుకి నాలుగుసార్లు వినే మనిషి ఎంత పట్టుదల ఉన్నా అలసిపోతాడు. ఆడవాళ్ల మీద ఇది రెట్టింపు. ఖమ్మం నుంచి పనిచేసే ఒకావిడకి ఒక చిన్న ఉపాయం చెప్పాను. ఆ రోజు కాల్స్ ఉన్న వేళలు తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి గది తలుపుకి అంటించమన్నాను. రెండో వారానికి వాళ్ల అత్తగారే ఆ కాగితం చూసి "నాలుగింటికి దానికి మీటింగ్ ఉంది, మూడింటికే కాఫీ ఇచ్చేద్దాం" అనడం మొదలుపెట్టారట.

## 2. పని నోటితో చెప్పకండి, రాసివ్వండి

మన ఆఫీసుల్లో ఎక్కువ నష్టం చేసే మాట "ఒకసారి చూడు". "ఆ రిపోర్ట్ కొంచెం చూడు" అంటాం. చూడు అంటే చదవమనా, తప్పులు పట్టమనా, సరిదిద్ది పంపేయమనా? పక్క సీట్లో ఉంటే వెనక్కి తిరిగి అడుగుతాడు. రాజమండ్రిలో ఉన్నవాడు మొహమాటపడి ఊరుకుంటాడు, తనకి తోచిన అర్థం చేసుకుని రెండు రోజులు పనిచేస్తాడు. మూడో రోజు మీరు "ఇది కాదు నేను అడిగింది" అంటారు. ఇలా రెండుసార్లు జరిగితే చాలు, అతను ఇక సొంతంగా ఆలోచించడం మానేస్తాడు.

ప్రతి పనికీ అయిదు వాక్యాలు రాయండి:

- ఏం కావాలి
- ఎవరికి, ఎందుకు కావాలి
- ఎప్పటికి కావాలి (రోజు, గంటతో సహా)
- ఏం ఉంటే పూర్తయినట్టు లెక్క
- ఇరుక్కుంటే ఎవరిని అడగాలి

ఉదాహరణకి: "సేల్స్ రిపోర్ట్‌లో జూన్ నెల మొత్తాలు తేడాగా వస్తున్నాయి. క్లయింట్ గురువారం వాళ్ల మీటింగ్‌లో చూపించాలి. బుధవారం సాయంత్రం 5కి కావాలి. జూన్ మొత్తం బిల్లింగ్ షీట్‌తో సరిపోవాలి, తేడా ఎందుకొచ్చిందో రెండు లైన్లు రాయాలి. ఫార్మాట్ మార్చక్కర్లేదు. బిల్లింగ్ షీట్ తెరుచుకోకపోతే నాకు ఫోన్ చెయ్యి."

"ఫార్మాట్ మార్చక్కర్లేదు" లాంటి వాక్యం తప్పకుండా పెట్టండి. ఏం చెయ్యక్కర్లేదో చెప్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

రాశాక ఇంకో అడుగు ఉంది. "అర్థమైందా?" అని అడక్కండి, "సరే సర్" అనే వస్తుంది. "నువ్వు ముందు ఏం మొదలుపెడతావ్?" అని అడగండి. ఆ జవాబులో ఎంత అర్థమైందో బయటపడుతుంది.

ఏ పనీ రెండు రోజులకి మించి పెద్దదిగా ఇవ్వకండి. రెండు వారాల పని అయితే ముక్కలు చేసి ఇవ్వండి. ఇంట్లో ఒంటరిగా పనిచేసేవాళ్లకి "ఇది అయిపోయింది" అన్న తృప్తి తరచుగా దొరకాలి.

## 3. వేళలు ఖరారు చెయ్యండి, ముగిసే వేళతో సహా

మొదలయ్యే టైమ్ అందరూ చెప్తారు. ముగిసే టైమ్ ఎవరూ చెప్పరు. మధ్యాహ్నం ఒంటిగంటకి లాగిన్ అయిన మనిషి రాత్రి పదకొండున్నరకి కూడా ఫోన్ పక్కన పెట్టుకుని ఉంటాడు, క్లయింట్ ఏమైనా అడుగుతాడేమోనని. అలా ఆరు నెలలు నడిస్తే పని నాణ్యత ముందు పడిపోతుంది, తర్వాత రాజీనామా వస్తుంది.

డల్లాస్‌లో ఉదయం 9 అంటే వేసవి కాలంలో మనకి రాత్రి 7:30, చలికాలంలో రాత్రి 8:30. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకి జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. బ్రిటన్‌లో మార్చి, అక్టోబర్ చివరి ఆదివారాలు. ఆ మధ్య వారాల్లో అమెరికా, బ్రిటన్ క్లయింట్లు ఇద్దరూ ఉన్న టీమ్ కాల్స్ గజిబిజి అవుతాయి. ఈ తేదీలు జనవరిలోనే టీమ్ క్యాలెండర్‌లో పెట్టేయండి. నవంబర్‌లో కాల్ గంట ఆలస్యమవుతుందని ముందే తెలిస్తే ఇంట్లో భోజనాల వేళ సర్దుకుంటారు.

మేం పాటించే నియమాలు:

- అందరూ ఆన్‌లైన్‌లో ఉండాల్సింది రోజుకి మూడు గంటలే. మిగతా అయిదూ ఎవరి వీలు వాళ్లది.
- రాత్రి క్లయింట్ కాల్ వంతులవారీగా. ఒకే మనిషికి వారంలో రెండుకి మించి పడకూడదు.
- రాత్రి కాల్‌లో కూర్చున్నవాళ్లు మర్నాడు రెండు గంటలు ఆలస్యంగా లాగిన్ అవుతారు. అనుమతి అడగక్కర్లేదు.
- లాగౌట్ అయ్యాక నిజంగా అత్యవసరమైతే ఫోన్ వస్తుంది. ఫోన్ రాలేదంటే అత్యవసరం లేదు. మెసేజ్‌లు చూడక్కర్లేదు.

నాలుగో నియమం నిలబడేది మీ వల్లే, చెడిపోయేదీ మీ వల్లే. రాత్రి పదకొండింటికి మీకు ఏదో గుర్తొచ్చి "రేపు చూడొచ్చు" అని మెసేజ్ పెట్టినా, చూసినవాడు లేచి కూర్చుంటాడు. షెడ్యూల్ సెండ్ పెట్టి పొద్దున వెళ్లేలా చెయ్యండి.

పండగల సంగతి డిసెంబర్‌లోనే తేల్చండి. ఊళ్లో ఉన్నంత మాత్రాన సంక్రాంతికి సెలవు అక్కర్లేదు అనుకోవడం పెద్ద పొరపాటు. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ ఇల్లు నిండా మనుషులుంటారు, అక్కడ కూర్చుని పనిచెయ్యడం మామూలు రోజుకంటే కష్టం. సద్దుల బతుకమ్మ సాయంత్రం కాల్ పెట్టకండి. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్నవాళ్లకి ఇఫ్తార్ వేళ ఖాళీ ఉంచండి. క్లయింట్ వైపు నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ వస్తుంది, డిసెంబర్ చివరి వారం కూడా పని పలచబడుతుంది. మిగిలిపోయిన సెలవులు అప్పుడు వాడుకోమనండి.

## 4. రోజూ పదిహేను నిమిషాలు

రోజుకి ఒక్క కాల్, పదిహేను నిమిషాలు. అంతకు ముందే ప్రతివాళ్లూ మూడు లైన్లు చాట్‌లో రాయాలి: నిన్న ఏం పూర్తయింది, ఇవాళ ఏం చేస్తున్నాను, ఎక్కడ ఇరుక్కున్నాను. కాల్‌లో మూడో లైన్ గురించే మాట్లాడాలి. మొదటి రెండూ చదివేస్తే చాలు.

మూడో లైన్‌లో వారమంతా "ఏమీ లేదు" అని రాసే మనిషిని గమనించండి. ఏ ఇబ్బందీ లేకుండా వారం పాటు ఎవరి పనీ సాగదు. అడగడానికి భయపడుతున్నాడు. దీనికి మందు ఒకటే: మీరే ముందు రాయండి. "ఈ లెక్క నాకు కుదరట్లేదు, ఎవరైనా పది నిమిషాలు కూర్చుంటారా?" అని లీడ్ రాస్తే, మర్నాటి నుంచి మిగతావాళ్ల చేతులు కూడా ఆడతాయి.

కెమెరా తప్పనిసరి చెయ్యకండి. వెనకాల వంటిల్లు కనిపించే ఇళ్లున్నాయి, ఒకే గదిలో నలుగురు ఉండే ఇళ్లున్నాయి. ముఖ్యంగా రాత్రి కాల్స్‌లో "కెమెరా ఆన్ చెయ్యి" అని ఆడపిల్లల్ని ఒత్తిడి చెయ్యడం బాగుండదు. పని చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం పని స్థలం నిర్వచనంలో ఇంటిని కూడా చేర్చింది. ఎవరికైనా చాట్‌లోనో కాల్‌లోనో ఇబ్బంది ఎదురైతే మీ కంపెనీ అంతర్గత కమిటీకి ఎలా చెప్పాలో అందరికీ తెలిసి ఉండాలి. ఆ ఈమెయిల్ ఐడీ టీమ్ చాట్ పైన పిన్ చేసి ఉంచండి.

ఇంకొకటి. హైదరాబాద్‌లో ఉన్న ఇద్దరం టీ దగ్గర ఏదో అనేసుకుంటాం, అది నిర్ణయమైపోతుంది, మిగతా ఏడుగురికీ తెలియదు. ఊళ్లో ఉన్నవాళ్లు తాము బయటివాళ్లమని అనుకోవడం ఇక్కడే మొదలవుతుంది. టీ దగ్గర అనుకున్నది సీటుకి రాగానే చాట్‌లో రాయాలి. రాయనిది నిర్ణయం కిందికి రాదు. కాల్‌లో ఒక్కరు దూరంగా ఉన్నా, ఆఫీసులో ఉన్నవాళ్లు కూడా ఎవరి ల్యాప్‌టాప్ నుంచి వాళ్లే చేరాలి.

## 5. రెండు వారాలకోసారి విడిగా మాట్లాడండి

ఇది వదిలేస్తే మిగతావన్నీ చేసినా ఫలితం ఉండదు. ఒక్కొక్కరితో అరగంట. తేదీ మారొచ్చు, రద్దు కాకూడదు.

నేను మొదట్లో చేసిన తప్పు చెప్తాను. ఆర్నెల్లపాటు నా సంభాషణలన్నీ ఇలాగే సాగాయి:

"ఎలా ఉంది?"
"బాగుంది సర్."
"ఏమైనా ఇబ్బందులా?"
"ఏం లేవు సర్."
"సరే, ఆ టికెట్ ఎంతవరకు వచ్చింది?"

టికెట్ అంటే మా సిస్టమ్‌లో నమోదైన ఒక పని. నాలుగు నిమిషాల్లో సంభాషణ అయిపోయేది. ఇద్దరికీ హాయి. ఒకరోజు అనంతపురం నుంచి పనిచేసే అమ్మాయితో ప్రశ్న మార్చాను. "ఈ రెండు వారాల్లో నువ్వు చేసినదాంట్లో ఏది వృథా అనిపించింది?" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. లైన్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత మెల్లగా, "నేను రాసే టెస్టులు ఎవరైనా వాడుతున్నారా అండి?" అంది.

సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడానికి రాసే టెస్టులవి. మూడు నెలలుగా రాస్తోంది. ఆ టెస్టులు రెండుసార్లు రిలీజ్‌కి ముందు పెద్ద తప్పు పట్టాయి, క్లయింట్ దాకా వెళ్లకుండా ఆపాయి. ఆ సంగతి నాకు తెలుసు, హైదరాబాద్‌లో ఉన్న ఇంకొకరికీ తెలుసు. ఆమెకి మాత్రం ఎవరూ చెప్పలేదు. అప్పటికే ఆమె వేరేచోట ఇంటర్వ్యూలకి వెళ్తోందని తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి పట్టుబడ్డ ప్రతి తప్పు గురించీ "ఇది ఫలానా వాళ్ల టెస్టు పట్టింది" అని చాట్‌లో రాస్తున్నాం. ఆమె ఇప్పటికీ టీమ్‌లోనే ఉంది.

ఉపయోగపడే ప్రశ్నలు:

- ఏ పని చేస్తున్నప్పుడు టైమ్ తెలియలేదు? ఏ పని ముందు కూర్చోగానే చిరాకొచ్చింది?
- నేను చెయ్యాల్సి ఉండి చెయ్యనిది ఏమైనా ఉందా?
- రాత్రిళ్లు నిద్ర సరిపోతోందా?
- వచ్చే ఏడాదికి ఏం నేర్చుకుని ఉండాలనుకుంటున్నావు?

అడిగాక ఆగండి. పది సెకన్ల నిశ్శబ్దాన్ని మీరు నింపేస్తే ఆ జవాబు ఇంకెప్పటికీ రాదు. వీడియో వద్దు, మామూలు ఫోన్ మంచిది. ఇద్దరూ నడుస్తూ మాట్లాడుకుంటే ఇంకా మంచిది. ఇంట్లో పక్కన ఎవరో ఉండగా మనసులో మాట చెప్పలేరు, డాబా మీదకో వీధిలోకో వెళ్తే చెప్తారు. టికెట్ల గురించి ఈ అరగంటలో అసలు ఎత్తకండి.

మాట్లాడింది ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. "నాన్నగారికి కంటి ఆపరేషన్, 14న" అని రాసుకుని, 15న "ఎలా ఉన్నారు?" అని అడగండి.

## 6. కనిపించేలా చెయ్యడం మీ బాధ్యత

"గుడ్ జాబ్ టీమ్" ఎవరికీ తగలదు. ఎవరు, ఏం చేశారు, దానివల్ల ఎవరికి ఏం మేలు జరిగింది అని పేరుతో రాయండి. క్లయింట్ కాల్‌లో పని చేసిన మనిషి చేతే చెప్పించండి. ఇంగ్లీషులో తడబడతారన్న భయం ఉంటే ముందు రోజు మీతో ఒకసారి రిహార్సల్ చేయించండి. లీడే అన్నీ చెప్పేస్తే క్లయింట్‌కి మీ పేరొక్కటే గుర్తుంటుంది.

ప్రమోషన్ల విషయంలో మరీ జాగ్రత్త. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు చైనాలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్‌లో తొమ్మిది నెలలు ఒక ప్రయోగం చేశారు. ఇంటి నుంచి చేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది. కానీ ఆ పనితీరుకి రావాల్సినన్ని ప్రమోషన్లు వాళ్లకి రాలేదు. ఎదురుగా లేని మనిషి అప్రైజల్ వేళకి గుర్తుకి రాడు. తెలిసి చేసే అన్యాయం కాకపోయినా దెబ్బ తగిలేది అతనికే.

దీనికి నేను పాటించే పద్ధతి: ప్రతి మనిషికీ ఒక ఫైల్. ప్రతి శుక్రవారం అందులో ఒక్క లైన్. "వీళ్ల వల్ల ఈ వారం ఏం జరిగింది" అంతే. ఎనిమిది మందికి ఇరవై నిమిషాలు పట్టదు. ఏడాది చివర రేటింగ్ మీటింగ్‌లో యాభై లైన్లతో మాట్లాడతారు. ఎవరి ఫైల్‌లోనైనా మూడు వారాలు ఏ లైనూ రాయలేకపోతే, ముందు మీరు వాళ్లకి ఎలాంటి పని ఇస్తున్నారో చూసుకోండి.

ప్రసూతి సెలవు ముగించుకుని వచ్చేవాళ్ల గురించి ఒక మాట. 2017లో మాతృత్వ ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు సెలవుని 26 వారాలు చేశారు. ఆ సెలవు తర్వాత, పని స్వభావం అనుమతిస్తే, ఇద్దరూ ఒప్పుకున్న షరతుల మీద ఇంటి నుంచి పనిచేసే వీలు కూడా అప్పుడే చేర్చారు. అలా తిరిగొచ్చిన తల్లికి "తేలిక పని" పేరుతో ప్రాధాన్యం లేని పని ఇవ్వకండి. గంటలు తగ్గించండి, పని విలువ తగ్గించకండి.

## 7. మౌస్ లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ వద్దు

పైనుంచి ఒత్తిడి వస్తే గట్టిగా వద్దని చెప్పండి. నిమిషానికి ఎన్ని క్లిక్‌లు, చాట్‌లో పేరు పక్కన చుక్క ఎంతసేపు ఆకుపచ్చగా ఉంది అని కొలిస్తే మనుషులు క్లిక్‌లే ఇస్తారు. మౌస్‌ని దానంతట అదే కదిపే పరికరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఆలోచిస్తూ కాగితం మీద గీసుకునే మంచి పనివాడు ఆ లెక్కలో బద్ధకస్తుడిగా తేలతాడు. పై అధికారులకి చూపించడానికి ఏదైనా కావాలంటే 2వ మెట్టులో రాసిన పనుల జాబితా ఇవ్వండి: ఎన్ని ఇచ్చాం, ఎన్ని చెప్పిన టైమ్‌కి పూర్తయ్యాయి, ఎన్ని వెనక్కొచ్చాయి. ఆ మూడు అంకెలు చాలు.

## 8. కొత్తగా చేరినవాళ్లకి మొదటి నెల

- చేరే రోజుకి వారం ముందే ల్యాప్‌టాప్ ఇంటికి చేరాలి. లాగిన్ పనిచేస్తోందో ముందు రోజే చూడాలి.
- ఒక తోడు మనిషిని పెట్టాలి. లీడ్ కాకూడదు, ఏడాది రెండేళ్ల సీనియర్ అయితే మంచిది. "అన్నా, ఇదెక్కడుంటుంది?" అని భయం లేకుండా అడగగలగాలి.
- మొదటి మూడు రోజుల్లో ఒక చిన్న నిజమైన పని పూర్తి చేయించాలి.
- మొదటి రెండు వారాలు రోజూ పది నిమిషాలు ఫోన్.
- వీలైతే మొదటి వారం ఆఫీసుకి రప్పించండి. మొహాలు తెలిసినవాళ్లని అడగడం వేరు.

## 9. ఒకరి పని తగ్గిపోయినప్పుడు

వెంటనే హెచ్చరిక మెయిల్ పెట్టకండి. ఈ వరసలో వెతకండి.

మొదట మీ లెక్క సరిచూసుకోండి. నిజంగా తగ్గిందా, మీకు కనిపించడం తగ్గిందా? గత నాలుగు వారాల పనుల జాబితా తీసి చూడండి.

రెండు, ఫోన్ చెయ్యండి. చాట్‌లో "ఎనీ అప్‌డేట్?" అనే మాట దెప్పుతున్నట్టు ఉంటుంది. ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి: "మామూలుగా వారానికి నాలుగు పనులు పూర్తి చేస్తావు, ఈ రెండు వారాల్లో కలిపి మూడే అయ్యాయి. ఏమైంది?" అంకె చెప్పండి, విశేషణాలు వద్దు. "నీకు సీరియస్‌నెస్ లేదు" అనకండి.

మూడు, ఇల్లు. 1వ మెట్టు ప్రశ్నలు మళ్లీ అడగండి. కొత్త పాపాయి, ఆసుపత్రి, పక్కన ఇల్లు కట్టడం, అప్పు. సగం సందర్భాల్లో కారణం ఇక్కడే దొరికింది నాకు. నాలుగు రోజుల సెలవో, వేళల మార్పో ఇస్తే చక్కబడుతుంది.

నాలుగు, పని. చేతకాని పని ఇచ్చారా? రెండేళ్లుగా అదే పని చేయిస్తున్నారా? మొదటిదైతే పక్కన ఒకరిని కూర్చోబెట్టండి, స్క్రీన్ షేర్ చేసుకుని రోజుకి గంట కలిసి చెయ్యమనండి. రెండోదైతే మార్చండి.

అయిదు, ఆరోగ్యం. మాట తగ్గిపోవడం, తెల్లవారుజామున మెసేజ్‌లు, ఇష్టమైన పనిలో కూడా ఆసక్తి లేకపోవడం గమనిస్తే టార్గెట్ల మాట పక్కన పెట్టండి. మీరు డాక్టర్ కాదు. కంపెనీలో కౌన్సెలింగ్ సదుపాయం ఉంటే చెప్పండి. ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416, ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

చివరగా ఉద్దేశం. ఇవన్నీ చూశాక కూడా కారణం తెలియకపోతే, రెండో ఉద్యోగం చేస్తున్నాడేమో అన్న అనుమానం నేరుగా అడగండి, వెనకాల కూపీ లాగకండి. తర్వాత రెండు వారాలకి పనుల జాబితా రాసి, ఇద్దరూ ఒప్పుకుని, వారానికి రెండుసార్లు చూడండి. అప్పటికీ కదలకపోతే హెచ్‌ఆర్‌కి చెప్పే రోజు వచ్చినట్టే. ఆ రోజుని సాగదీస్తే, అతని పని కూడా మోస్తున్న మిగతావాళ్లకి మీరు అన్యాయం చేస్తున్నట్టు.

## 10. మూడు నెలలకోసారి అందరూ కలవండి

తేదీ కనీసం డెబ్బై రోజుల ముందు చెప్పండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. పది రోజుల ముందు చెప్తే శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్లకి బెర్తు దొరకదు, రాత్రంతా బస్సులో కూర్చుని వస్తారు. టికెట్ డబ్బు ముందే ఇవ్వండి, బిల్లు పెడితే నెల తర్వాత వచ్చేలా వద్దు.

వచ్చిన రెండు రోజులూ ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చోబెట్టకండి. మొదటి పూట వచ్చే మూడు నెలల పని గురించి వాదించుకోండి. ఇలాంటి వాదన ఫోన్లో కుదరదు. మధ్యాహ్నం అందరూ కలిసి భోంచెయ్యండి. రెండో రోజు ఒకరి పని ఇంకొకరు నేర్చుకోవడానికి. చిన్నపిల్లలు ఉన్నవాళ్లు రాలేకపోతే వాళ్ల మీద మచ్చ పడనివ్వకండి, మొదటి పూట కాల్‌లో కలపండి.

మేనేజ్‌మెంట్ వారమంతా ఆఫీసుకి రమ్మంటుంటే ఒక సంగతి చెప్పొచ్చు. 6వ మెట్టులో చెప్పిన సీట్రిప్ కంపెనీలోనే, పేరు ట్రిప్ డాట్ కామ్‌గా మారాక, 1,612 మంది మీద బ్లూమ్ బృందం ఇంకో ప్రయోగం చేసింది. 2024లో ఫలితాలు అచ్చయ్యాయి. వారంలో రెండు రోజులు ఇంటి నుంచి చెయ్యనిస్తే పనితీరు తగ్గలేదు, ఉద్యోగం మానేసేవాళ్లు మూడోవంతు తగ్గారు.

## ఎక్కడ మొదలుపెట్టాలి

అన్నీ ఒకేసారి చెయ్యబోతే ఏదీ నిలవదు. ఈ క్రమంలో వెళ్లండి:

- సోమ, మంగళవారాల్లో ప్రతి ఒక్కరికీ పదిహేను నిమిషాల ఫోన్, 1వ మెట్టు ప్రశ్నలతో.
- బుధవారం నుంచి కొత్తగా ఇచ్చే ప్రతి పనీ అయిదు వాక్యాల్లో.
- గురువారం లాగౌట్ వేళలు, రాత్రి కాల్స్ వంతులు రాసి అందరికీ పంపడం.
- శుక్రవారం ప్రతి మనిషి ఫైల్‌లో మొదటి లైన్.
- రెండో వారం విడి సంభాషణలు. అందరికంటే తక్కువ మాట్లాడే మనిషితో మొదలుపెట్టండి.